నగరం నడిబొడ్డున చదువుల కోట: అట్లాంటా చెప్పే పాఠాలు

విశ్వవిద్యాలయం అనగానే తెలుగు పాఠకుల మనసులో మెదిలేది ఊరికి ఎడంగా, చెట్ల నీడన వందల ఎకరాల్లో పరచుకున్న ప్రాంగణం. 1918లో హైదరాబాదు నడుమ అద్దె భవనాల్లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం 1930లలో అడిక్‌మెట్‌లోని విశాలమైన స్థలానికి తరలిపోగా, 1926లో బెజవాడలో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయం కొద్ది ఏళ్లకే సముద్రతీరాన వాల్తేరు మెట్టకు చేరింది. ఆ రెండు చోట్లా ఆ తరువాత నగరమే పెరిగి పెరిగి విశ్వవిద్యాలయపు గోడల దాకా వచ్చింది. ఇందుకు పూర్తిగా భిన్నమైన మరో రకం విశ్వవిద్యాలయం ఉంది. దానికి ప్రహరీ ఉండదు, ముఖద్వారం ఉండదు. నగరపు వ్యాపార కేంద్రంలో ఒక బ్యాంకు భవనాన్నీ ఒక సినిమా హాలునూ ఒక గ్యారేజీనీ కొనుక్కుంటూ, వీధుల మధ్యనే పెరుగుతుంది. అలాంటి సంస్థ ఎదుగుదల ఒక నగర కేంద్రాన్ని ఎంతగా మార్చగలదో, ఆ మార్పుకు మూల్యం ఎవరు చెల్లిస్తారో తెలుసుకోవడానికి అమెరికాలోని జార్జియా రాష్ట్ర రాజధాని అట్లాంటాను, అక్కడి జార్జియా స్టేట్ యూనివర్సిటీని పరిశీలించడం ఉపయోగకరం. కంప్యూటర్ సైన్స్ వంటి కోర్సుల్లో మాస్టర్స్ కోసం తెలుగు రాష్ట్రాల నుంచి వెళ్లే విద్యార్థులకు ఆ పేరు కొత్తది కాదు.

అమెరికా నగరాల్లో కార్యాలయాలు, బ్యాంకులు, పెద్ద దుకాణాలు, న్యాయస్థానాలు ఒక్కచోట గుమిగూడిన నడిబొడ్డును డౌన్‌టౌన్ అంటారు. రెండో ప్రపంచ యుద్ధం తరువాత ప్రభుత్వం వేసిన విశాలమైన రహదారుల వెంట, సులభంగా దొరికిన గృహరుణాల అండతో, మధ్యతరగతి తెల్లజాతి కుటుంబాలు శివార్లకు తరలిపోయాయి; వాటి వెనుకే దుకాణాలు, ఆ వెనుక కార్యాలయాలు కదిలాయి. 1970లో దాదాపు ఐదు లక్షలున్న అట్లాంటా నగర జనాభా 1990 నాటికి నాలుగు లక్షల లోపునకు పడిపోగా, తరాల తరబడి నగరవాసులకు పండుగ కొనుగోళ్ల చిరునామాగా ఉన్న రిచ్‌స్ దుకాణం డౌన్‌టౌన్‌లో 1991లో మూతపడింది. ఉత్తరాన మిడ్‌టౌన్, బక్‌హెడ్ ప్రాంతాల్లో కొత్త కార్యాలయ భవనాలు లేస్తుండగా పాత కేంద్రంలో పగలు ఉద్యోగులు, రాత్రి నిర్మానుష్యం మిగిలాయి. కంపెనీ లాభనష్టాలు చూసుకుని మకాం మార్చగలదు కాని విశ్వవిద్యాలయం, పెద్దాసుపత్రి, ప్రభుత్వ కార్యాలయం వంటివి అంత తేలికగా కదలలేవు. వాటి పెట్టుబడి అంతా ఆ నేలలోనే పాతుకుని ఉంటుంది. నగర ప్రణాళికా నిపుణులు వీటిని లంగరు సంస్థలు అంటారు. అయితే ఒక సంస్థ కదలకుండా ఉన్నంత మాత్రాన దాని చుట్టూ ఉన్న వీధికి మేలు జరుగుతుందన్న హామీ ఏదీ లేదని జార్జియా స్టేట్ చరిత్రలోని మొదటి ఎనభై ఏళ్లు స్పష్టంగా చూపుతాయి.

ఈ సంస్థ 1913లో జార్జియా టెక్ కళాశాలకు అనుబంధంగా, వాణిజ్యశాస్త్రం బోధించే సాయంకాలపు బడిగా మొదలైంది. పగలు కార్యాలయాల్లో గుమాస్తాలుగా పనిచేసేవారు సాయంత్రం నడిచి రాగలిగిన దూరంలో తరగతులు ఉండాలన్నదే దాని జన్మ రహస్యం. డౌన్‌టౌన్ దానికి అలంకారం కాదు, అవసరం. యుద్ధం ముగిసి విద్యార్థుల సంఖ్య ఒక్కసారిగా పెరిగినప్పుడు, 1946లో ఐవీ స్ట్రీట్‌లోని ఒక బహుళ అంతస్తుల కార్ల గ్యారేజీని కొని తరగతి గదులుగా మార్చారు. తరువాత కెల్ హాల్ అని పేరు పెట్టిన ఆ భవనంలో కార్లు పైకెక్కడానికి కట్టిన ఏటవాలు దారుల మీదుగానే విద్యార్థులు దశాబ్దాల పాటు ఒక అంతస్తు నుంచి మరో అంతస్తుకు నడిచారు. 1969లో విశ్వవిద్యాలయ హోదా వచ్చేనాటికి సంస్థ విస్తరించింది కాని, ఆ విస్తరణ వీధికి వీపు తిప్పి సాగింది. భవనాలను నేల మట్టానికి పైన ఎత్తైన కాంక్రీటు వేదికలతో, వంతెనలతో కలిపారు. విద్యార్థి పార్కింగులో కారు దిగి, వంతెన మీదుగా తరగతికి వెళ్లి, అదే దారిన వెనుదిరిగితే కింద ఉన్న కాలిబాటను తొక్కే పనే లేదు. ఆ కాలపు ఆలోచనే అలాంటిది. ఆర్కిటెక్ట్ జాన్ పోర్ట్‌మన్ అదే నగరంలో కట్టిన పీచ్‌ట్రీ సెంటర్‌లోనూ హోటళ్లు, కార్యాలయాలు గాలిలో వంతెనలతో కలిసి, వీధిని వాహనాలకు వదిలేశాయి. ఫలితంగా రోజూ వేలమంది యువతీయువకులు వచ్చిపోతున్నా వీధిలోని చిన్న దుకాణానికి వారి వల్ల ఒరిగింది స్వల్పం.

ఈ సంస్థ ఎవరి కోసం అన్న ప్రశ్న కూడా నగరంతో దాని సంబంధంలో భాగమే. నల్లజాతి అభ్యర్థులను దూరంగా ఉంచడానికి, ప్రవేశం కోరేవారు పూర్వ విద్యార్థుల నుంచి ధ్రువపత్రాలు తేవాలన్న నిబంధన అప్పట్లో ఉండేది. పూర్వ విద్యార్థులందరూ తెల్లవారే కాబట్టి ఆ నిబంధన ఉద్దేశం దాచినా దాగేది కాదు. 1959లో ఫెడరల్ న్యాయస్థానం దాన్ని కొట్టివేసింది. అయినా మొదటి నల్లజాతి విద్యార్థిని తరగతిలో అడుగుపెట్టడానికి 1962 దాకా పట్టింది. ఇప్పుడు విద్యార్థుల్లో నల్లజాతివారే అతి పెద్ద వర్గం. విద్యార్థులు ఎక్కడ తడబడుతున్నారో మార్కుల వంటి వివరాల ఆధారంగా ముందే గుర్తించి సలహాదారులను పంపే పద్ధతికి, కొద్ది మొత్తం ఫీజు బాకీతో చదువు ఆగిపోకుండా ఇచ్చే చిన్న గ్రాంట్లకు ఈ విశ్వవిద్యాలయం దేశంలో పేరు పొందింది. నగర కేంద్రానికి అది చేసిన సేవల్లో, ఏ భవన నిర్మాణం కన్నా ఇది తక్కువది కాదు.

వీధి వైపు తిరగడం 1992లో కార్ల్ ప్యాటన్ అధ్యక్షుడైన తరువాత మొదలైంది. ఆయన స్వయంగా నగర ప్రణాళికా శాస్త్రం చదివినవాడు కావడం ఇక్కడ కీలకం. విశ్వవిద్యాలయం నగరంలో ఉంటే చాలదు, నగరంలో ఒక భాగం కావాలన్న దృష్టితో ఆయన హయాంలో ప్రణాళిక రూపొందింది. కొత్త స్థలాల కోసం వెతకడం మాని, చుట్టూ ఖాళీ అవుతున్న భవనాలను తీసుకోవడం అందులో ప్రధానాంశం. 1916 నుంచి నడిచి 1980ల చివర మూతపడిన రియాల్టో సినిమా హాలును బాగుచేసి 1996లో సంగీత, నృత్య ప్రదర్శనల వేదికగా తెరిచారు. 1901లో ఉక్కు చట్రంతో కట్టిన పద్నాలుగు అంతస్తుల పాత బ్యాంకు భవనం వాణిజ్య కళాశాలకు నిలయమైంది. తరువాత ఒక పెద్ద బ్యాంకు ఖాళీ చేసిన బహుళ అంతస్తుల కార్యాలయ భవనం కూడా తరగతులకు, అధ్యాపకుల గదులకు వచ్చి చేరింది. బ్యాంకులు ఒకదానిలో ఒకటి విలీనమై పాత కార్యాలయాలను వదులుకుంటున్న ఆ కాలంలో కొనేవారు లేక ధరలు తగ్గిన భవనాలు విశ్వవిద్యాలయానికి అందుబాటులోకి వచ్చాయి. అది తీసుకోకపోతే వాటిలో కొన్ని ఏళ్ల తరబడి చీకట్లో ఉండిపోయేవి, లేదా నేలమట్టమై పార్కింగు స్థలాలయ్యేవి.

అంతకన్నా పెద్ద మార్పు విద్యార్థులు అక్కడ నివసించడం మొదలుపెట్టడం. ఎనభై ఏళ్ల పాటు ఈ సంస్థకు సొంత హాస్టల్ లేదు. 1996 ఒలింపిక్ క్రీడలకు వచ్చిన క్రీడాకారుల కోసం కట్టిన భవనాలు క్రీడల అనంతరం చేతికందగా, అవే మొదటి విద్యార్థి నివాసాలయ్యాయి; 2007లో ప్రధాన ప్రాంగణానికి ఆనుకునే దాదాపు రెండు వేల మంది ఉండగల యూనివర్సిటీ కామన్స్ సిద్ధమైంది. తరగతికి వచ్చిపోయే విద్యార్థి మధ్యాహ్నం ఒక పూట భోజనం కొంటాడు. అక్కడే ఉండే విద్యార్థి రాత్రి పదకొండింటికి టిఫిన్ కోసం, మందుల కోసం, బట్టలు ఉతికించుకోవడానికి, స్నేహితుల కోసం వీధిలోకి వస్తాడు. వీధిలో మనుషులు తిరుగుతుంటే దుకాణం తెరిచి ఉంటుంది, దుకాణపు వెలుగు ఉంటే మరికొందరు ధైర్యంగా నడుస్తారు. ఈ చక్రం కదలడానికి కావలసినది వీధికి తెరుచుకున్న కింది అంతస్తు. హాస్టల్ లేదా తరగతి భవనం వీధి మట్టంలో అద్దాల గోడ వెనుక కాపలాదారు బల్ల ఒక్కటి పెడితే ఆ వీధికి దక్కేది గోడే. అక్కడ కాఫీ దుకాణమో పుస్తకాల అంగడో ఉంటే ఆ భవనం వల్ల ఊరికి ప్రయోజనం. విశ్వవిద్యాలయ భవనాలను అంచనా వేసేటప్పుడు వాటి ఎత్తు కన్నా నేల మట్టంలోని ఈ పది అడుగులను ముందు చూడాలి. అయితే విద్యార్థుల జేబులు పెద్దవి కావు, వేసవిలో వీధులు పలచబడతాయి. కేవలం వారి మీద ఆధారపడిన బజారులో చవక తిండి హోటళ్లు నిలదొక్కుకుంటాయి గాని, కుటుంబాలకు కావలసిన కిరాణా దుకాణం, పిల్లల బడి వాటంతట అవి రావు.

ఇక డబ్బు లెక్క. అమెరికాలో నగరపాలక సంస్థలకు, బడులకు ప్రధాన ఆధారం ఆస్తి పన్ను. జార్జియా స్టేట్ వంటి ప్రభుత్వ విశ్వవిద్యాలయం ఒక భవనాన్ని కొన్న రోజు నుంచి ఆ భవనం పన్ను పట్టీ నుంచి తప్పుకుంటుంది. అగ్నిమాపక దళం, రోడ్లు, నీటి గొట్టాలు మాత్రం నగరమే చూసుకోవాలి. ప్రైవేటు విశ్వవిద్యాలయాలకూ ఈ మినహాయింపు ఉంది. అందుకే కొన్ని నగరాలు పన్నుకు బదులుగా స్వచ్ఛంద చెల్లింపులు కోరుతున్నాయి. యేల్ విశ్వవిద్యాలయం 2021లో న్యూహేవెన్ నగరానికి ఆరేళ్లలో 13.5 కోట్ల డాలర్లు ఇవ్వడానికి అంగీకరించింది. ఖాళీగా శిథిలమయ్యే భవనం ఎలాగూ పెద్దగా పన్ను తేదు, దాని పక్కన పెరిగే ప్రైవేటు విద్యార్థి వసతి గృహాలు పన్ను కడతాయి అన్న వాదనలో బలం ఉంది. కాని నడిబొడ్డున భూమి ధర పెరిగిన కొద్దీ ఆ బలం తగ్గుతుంది.

విశ్వవిద్యాలయం విస్తరిస్తుందంటే పొరుగువారికి కలిగే అనుమానాలకు చరిత్ర కారణం. 1959 నాటి అమెరికా గృహనిర్మాణ చట్టంలోని ఒక సెక్షన్, విశ్వవిద్యాలయం భూమి కోసం పెట్టిన ఖర్చును, పాత పేటలను కూల్చి కట్టే పట్టణ పునర్నిర్మాణ పథకంలో నగరం పెట్టవలసిన వాటాగా లెక్కించుకోవడానికి వీలు కల్పించింది. నగరానికి తన ఖజానా తెరవకుండానే కేంద్ర నిధులు, విశ్వవిద్యాలయానికి భూమి. ఇళ్లు కోల్పోయినవారికి దక్కింది నామమాత్రం. ఫిలడెల్ఫియాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిసరాల్లో బ్లాక్ బాటమ్ అనే నల్లజాతి పేట 1960లలో ఇలాగే అదృశ్యమైంది. అదే విశ్వవిద్యాలయం 1990ల రెండో భాగం నుంచి వీధి దీపాలు, స్థానిక గృహాల కొనుగోలుకు సాయం, ఒక మంచి ప్రభుత్వ పాఠశాల వంటి పనులతో పొరుగు ప్రాంతాన్ని చేరదీసింది. ఆ బడి ఎంత బాగుందంటే దాని పరిధిలో ఇళ్ల ధరలు ఎగసి, పాత నివాసులే అక్కడ నిలవలేని స్థితి ఏర్పడింది.

అట్లాంటాలో విశ్వవిద్యాలయానికి పొరుగువారితో ఇలాంటి పరీక్ష టర్నర్ ఫీల్డ్ అనే బేస్‌బాల్ స్టేడియం దగ్గర ఎదురైంది. డౌన్‌టౌన్‌కు దక్షిణాన ఉన్న సమ్మర్‌హిల్, అమెరికా అంతర్యుద్ధం తరువాత విముక్తులైన బానిసలు స్థిరపడిన పేట. 1960లలో రహదారులు, బేస్‌బాల్ మైదానం, వాటి చుట్టూ ఎకరాల కొద్దీ పార్కింగు ఆ పేటలోని ఇళ్లను మింగేశాయి. ఒలింపిక్ క్రీడలకు పక్కనే కట్టిన, తరువాత టర్నర్ ఫీల్డ్‌గా మారిన కొత్త స్టేడియంలో ఆడిన బేస్‌బాల్ జట్టు 2016 సీజన్ తరువాత శివారు కౌంటీకి వెళ్లిపోగా, 2017 జనవరిలో జార్జియా స్టేట్, కార్టర్ అనే నిర్మాణ సంస్థ కలిసి స్టేడియాన్ని, దాదాపు 67 ఎకరాల పరిసర స్థలాన్ని మూడు కోట్ల డాలర్లకు కొన్నాయి. స్టేడియం విశ్వవిద్యాలయపు ఫుట్‌బాల్ మైదానమైంది. జార్జియా అవెన్యూ వెంట పాత దుకాణ భవనాల్లో హోటళ్లు, పార్కింగు స్థలాల్లో అపార్ట్‌మెంట్లు వచ్చాయి. అద్దెలు అదుపులో ఉన్న ఇళ్లు, స్థానికులకు ఉద్యోగాలు, వరద నీటి పారుదల వంటి వాటిపై చట్టబద్ధమైన ఒప్పందం కావాలని చుట్టుపక్కల పేటల కూటమి కోరింది. ఇలాంటి పత్రాన్ని సామాజిక ప్రయోజన ఒప్పందం అంటారు: నిర్మాణదారు ఇచ్చిన మాటను నివాసులు కోర్టులో అమలు చేయించుకోగల హక్కు అందులో ఉంటుంది. నివాసులు, వారికి తోడుగా కొందరు విద్యార్థులు 2017 వసంతంలో స్టేడియం ఎదుట గుడారాలు వేసుకుని వారాల తరబడి కూర్చున్నా, కూటమి కోరిన రూపంలో విశ్వవిద్యాలయం సంతకం చేయలేదు. ప్రజల సొమ్ముతో నడిచే, నగర సమస్యలను బోధించే విభాగాలున్న సంస్థ ఆ సంతకానికి వెనుకాడడం విచారకరం. పార్కింగు తారు కన్నా ఇళ్లు, దుకాణాలు మేలైనవే. అవి ఎవరికి అందుబాటులో ఉంటాయన్నది మాట మీద కాక కాగితం మీద తేలవలసిన విషయం.

పాత భవనాల సంగతిలోనూ సంస్థ ప్రవర్తన ఒకే తీరుగా లేదు. రియాల్టోను నిలబెట్టిన విశ్వవిద్యాలయమే ఆబర్న్ అవెన్యూలోని 1907 నాటి టెలిఫోన్ భవనాన్ని కూల్చి పార్కింగుగా మార్చాలని తలపెట్టి 2014లో చరిత్ర ప్రేమికుల ఆగ్రహానికి గురైంది. కెల్ హాల్ కూల్చివేత మాత్రం వేరే కథ. ఆ గ్యారేజీ భవనం తొలగిన చోట నేల మట్టంలో పచ్చిక, చెట్లు, నడకదారి వచ్చి, కాంక్రీటు వేదికల కాలంలో తెగిపోయిన దారులు మళ్లీ కలిశాయి.

2016లో శివారు కళాశాలల సమూహం ఒకటి విలీనం కావడంతో విద్యార్థుల సంఖ్య యాభై వేలు దాటింది. వారందరూ డౌన్‌టౌన్‌కు రారు కాబట్టి ఆ అంకెను చూసి నగర కేంద్రపు బలాన్ని లెక్కించకూడదు. కొవిడ్ తరువాత కార్యాలయాలు సగం ఖాళీగా ఉండిపోయినప్పుడు అక్కడి వీధుల్లో క్రమం తప్పకుండా కనిపించినవారిలో విద్యార్థులే ముఖ్యులు. 2024లో రాబర్ట్ వుడ్రఫ్ ఫౌండేషన్ అనే దాతృత్వ సంస్థ ప్రాంగణ పునర్నిర్మాణానికి ఎనిమిది కోట్ల డాలర్లు ప్రకటించగా, అందులో ప్రధాన భాగం వీధులను పాదచారులకు అనువుగా మార్చడానికి, బహిరంగ స్థలాలకు ఉద్దేశించారు. ప్రధాన ప్రాంగణానికీ దక్షిణాన స్టేడియానికీ నడుమ మాత్రం 1960ల నాటి వెడల్పాటి రహదారి ఇప్పటికీ అడ్డంగా ఉంది. దాని మీదుగా నడిచే దారి ఎంత సౌకర్యంగా కుదిరితే సమ్మర్‌హిల్‌లో అద్దెలు అంత పెరుగుతాయి. ఆ దారికి నమూనాలు గీసేటప్పుడే, ఏ ఇళ్లకు ఎన్నేళ్ల పాటు అద్దె పరిమితి ఉంటుందో కూడా అదే కాగితంలో రాయవలసి ఉంది.