డబ్బాకి తాళం వేస్తే పిల్లల ఆశ తగ్గుతుందా?

సంక్రాంతికి అరిసెలు, జంతికలు డబ్బాలకెత్తగానే మన ఇళ్లల్లో వినిపించే మాట, "పిల్లలకి అందకుండా పైన పెట్టండి." మా ఇంట్లో ఆ మాట అనేవాణ్ణి నేనే. మనవడు బొద్దుగా ఉన్నాడని మిఠాయి డబ్బా బీరువాలో పెట్టి తాళం వేశాను. ఆ నెలలోనే ఒక పెళ్లి భోజనాల్లో వాడు ఎవరూ చూడకుండా లడ్డూల మీద లడ్డూలు తిని, రాత్రంతా వాంతులు చేసుకున్నాడు. అడిగితే, "మళ్లీ ఎప్పుడిస్తారో అని తినేశాను తాతా" అన్నాడు.

ఈ సంగతి మీద అమెరికాలో జెనిఫర్ ఫిషర్, లియాన్ బర్చ్ అనే పరిశోధకులు 1999లో ఒక అధ్యయనం ప్రచురించారు. చిన్నపిల్లలకి ఒక చిరుతిండి కళ్లెదుటే ఉంచి, కాసేపు మాత్రమే తిననిచ్చారు. అడ్డు పెట్టిన తిండి గురించే పిల్లలు ఎక్కువగా మాట్లాడారు, అదే కావాలన్నారు. 2003లో బర్చ్ బృందం మరో ఫలితం చెప్పింది. అయిదేళ్ల వయసులో తల్లులు ఎక్కువగా కట్టడి చేసిన ఆడపిల్లలు, తొమ్మిదేళ్లకి ఆకలి లేకపోయినా ఎక్కువ తిన్నారు. అప్పటికే బరువెక్కువ ఉన్నవాళ్లలో ఇది మరీ ఎక్కువ.

అంటే కట్టడి వల్లే ఊబకాయం వస్తుందని కాదు. బొద్దుగా ఉన్న పిల్లలనే పెద్దలు ఎక్కువ కట్టడి చేస్తారు కూడా. కాని కడుపు నిండిందా లేదా అన్నది మరిచి, దొరికిందా లేదా అని చూసే అలవాటు పడితే బరువు పెరిగే ప్రమాదం ఉంది.

అలాగని గుప్‌చుప్, ఆలూచాప్, కూల్‌డ్రింకులు రోజూ ఇమ్మనడం లేదు. ఏం వండాలి, ఎప్పుడు పెట్టాలి అన్నది పెద్దల పని. ఎంత తినాలన్నది పిల్లల కడుపుకి వదలాలి. ఇంటికి కొద్దిగానే తెండి. తెచ్చినది అందరితోపాటు వాళ్ల పళ్లెంలోనూ పెట్టండి. "కూర తింటే లడ్డూ ఇస్తా" అనకండి, లడ్డూ విలువ ఇంకా పెరుగుతుంది. అమ్మ వద్దన్నది నాయనమ్మ చాటుగా పెట్టడమూ మానాలి. చుట్టాల ముందు పిల్లల ఒళ్లు గురించి మాట్లాడవద్దు. బరువు మీద అనుమానం ఉంటే పిల్లల డాక్టరుకి చూపించండి.

మా బీరువా తాళం తీసేశాం. మొదటి వారం వాడు రోజూ అడిగాడు. ఇప్పుడు ఒక్కోసారి సగం అరిసె పళ్లెంలోనే వదిలేసి ఆటకి పోతున్నాడు.