బ్యాంకు షేర్ల వెనుకబాటు

బ్యాంకు షేర్ల వెనుకబాటు అనగా ఒక పెద్ద బ్యాంకు షేరు ధర, అదే స్థాయికి చెందిన ఇతర బ్యాంకుల షేర్లతో పోల్చినపుడు, చాలాకాలము పాటు పెరగకపోవడము లేదా తగ్గిపోవడము. శాఖలు, డిపాజిట్లు ఎక్కువగా ఉన్నంత మాత్రాన షేరు ధర పెరుగదు. ఒక్కొక్క షేరుకు ఎంత లాభము మిగులుతుంది అన్నదే ముఖ్యము. తెలుగువారికి సుపరిచితమైన ఆంధ్రా బ్యాంకు ఇందుకు చక్కని ఉదాహరణ.

ప్రధాన కారణాలు

మొండి బకాయిలు: అసలు గాని, వడ్డీ గాని 90 రోజులకు మించి చెల్లించని అప్పును నిరర్థక ఆస్తిగా పరిగణిస్తారు. ఆ నష్టమునకు బ్యాంకు తన లాభము నుండి సొమ్ము కేటాయించవలసి ఉంటుంది.

డిపాజిట్ల ఖర్చు: కరెంటు, పొదుపు ఖాతాల సొమ్ముపై బ్యాంకు చెల్లించే వడ్డీ తక్కువ. ఇవి తక్కువగా ఉన్న బ్యాంకు అధిక వడ్డీకి ఫిక్స్‌డ్ డిపాజిట్లు సేకరించాలి. అందువలన లాభము తగ్గుతుంది.

కొత్త షేర్ల జారీ: నష్టపోయిన బ్యాంకు మూలధనము కొరకు కొత్త షేర్లు జారీ చేస్తుంది. 100 కోట్ల షేర్లపై 1,000 కోట్ల రూపాయల లాభము వస్తే షేరుకు 10 రూపాయలు. షేర్లు 200 కోట్లయితే అదే లాభము షేరుకు 5 రూపాయలే.

ఆంధ్రా బ్యాంకు

ఈ బ్యాంకును 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య మచిలీపట్నంలో స్థాపించారు. 1980 ఏప్రిల్ 15న ఇది జాతీయం చేయబడినది. 2001లో ప్రజలకు షేర్లను జారీ చేసినది. 2015లో రిజర్వు బ్యాంకు పలు బ్యాంకుల అప్పుల నాణ్యతను సమీక్షించగా, దాగి ఉన్న మొండి బకాయిలు బయటపడినవి. 2018 మార్చి నాటికి ఆంధ్రా బ్యాంకు అప్పులలో సుమారు 17 శాతము నిరర్థకమైనవి. అదే సమయమున హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకులో ఇది 1.3 శాతమే. 2017-18లో ఆంధ్రా బ్యాంకు నష్టము 3,400 కోట్ల రూపాయలు దాటినది.

2020 ఏప్రిల్ 1న ఈ బ్యాంకు యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో విలీనమైనది. ప్రతి 1000 ఆంధ్రా బ్యాంకు షేర్లకు 325 యూనియన్ బ్యాంకు షేర్లు ఇచ్చారు.

పరిస్థితి మారుట

వెనుకబాటు శాశ్వతము కాదు. 2020లో 14 శాతమునకు పైగా ఉన్న యూనియన్ బ్యాంకు నిరర్థక ఆస్తులు 2024 మార్చికి 5 శాతము కంటే తగ్గినవి. ఆ కాలములో దాని షేరు ధర అనేక రెట్లు పెరిగినది. మరోవైపు, 2023 జూలైలో మాతృసంస్థను విలీనము చేసుకున్న హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకులో అప్పులతో పోల్చితే డిపాజిట్లు తక్కువైనవి. 2024 జనవరి 17న దాని షేరు ఒక్కరోజులోనే 8 శాతమునకు పైగా పడిపోయినది.

డిపాజిటుదారు, వాటాదారు

వీరిద్దరి స్థితి ఒకటి కాదు. విలీనము తరువాత ఆంధ్రా బ్యాంకు ఖాతాలలోని సొమ్ము యథాతథముగా యూనియన్ బ్యాంకుకు మారినది. 2020 ఫిబ్రవరి నుండి ఒక్కొక్క బ్యాంకులో డిపాజిటుదారుకు 5 లక్షల రూపాయల వరకు బీమా కలదు. వాటాదారుకు అట్టి రక్షణ లేదు. పుంగనూరు వంటి పట్టణములో బ్యాంకు శాఖ ఎంత రద్దీగా ఉన్నా, అది ఆ బ్యాంకుపై ప్రజల నమ్మకమునకు గుర్తే గాని, షేరు విలువకు కొలమానము కాదు. షేరు కొనేవారు వార్షిక నివేదికలో నిరర్థక ఆస్తుల శాతమును, ఒక్కొక్క షేరుపై లాభమును పరిశీలించవలెను.