గొంతు ఫొటో... ఎవరి మాట నమ్మాలి?

గొంతు బొంగురుపోయింది. డాక్టరు సన్నటి కెమెరా లోపలికి పంపి స్వరతంత్రుల్ని ఫొటో తీశారు. అందులో చిన్న తెల్లమచ్చ. ‘మాటలు తగ్గించండి, పోతుంది’ అన్నారొకరు. ‘ముక్క తీసి పరీక్షిద్దాం’ అన్నారు ఇంకొకరు. ఫొటో ఒకటే, చూసిన కళ్లే వేరు. ఇప్పుడా ఫొటోల్ని చదవడం కంప్యూటరుకు నేర్పుతున్నారు. మరి పాఠం చెప్పేవాళ్ల మధ్యే పొంతన కుదరకపోతే?

అనకాపల్లి బెల్లం మార్కెట్లో దిమ్మకు రంగే ప్రాణం. పచ్చగా మెరిసేదానికి ఒక ధర, నల్లబడినదానికి ఇంకో ధర. ఆ రెండింటి దగ్గరా పేచీ ఉండదు. అటూ ఇటూ కాని మధ్యరకం దగ్గరే ఒకరి లెక్క ఇంకొకరికి కుదరదు. గొంతు ఫొటోలదీ అదే కథ. కాకపోతే బెల్లం దగ్గర పోయేది క్వింటాకు కొన్ని రూపాయలు. ఇక్కడ పోయేది గొంతు... ఒక్కోసారి ప్రాణం. రోజంతా పాఠాలు చెప్పే టీచరుకైనా, వీధివీధీ తిరిగి కేకేసి కూరగాయలు అమ్మే ఇల్లాలికైనా గొంతే కదా జీవనాధారం!

అద్దం నుంచి కెమెరా దాకా...

బతికున్న మనిషి స్వరతంత్రుల్ని చూసే విద్యకు దారి వేసింది డాక్టరు కాదు, ఓ సంగీతం మాస్టారు. పేరు మాన్యుయెల్‌ గార్సియా. 1854లో ప్యారిస్‌లో పళ్ల డాక్టర్లు వాడే చిన్న అద్దాన్ని గొంతులో పెట్టుకుని, సూర్యకాంతిని అందులోకి మళ్లించి తన స్వరతంత్రుల్ని తనే చూసుకున్నాడు. మరుసటేడు ఆ సంగతి లండన్‌లోని రాయల్‌ సొసైటీకి వివరించాడు.

మాట్లాడేటప్పుడు ఈ తంత్రులు మగవాళ్లలో సెకనుకు వంద సార్లకు పైగా, ఆడవాళ్లలో సుమారు రెండొందల సార్లు కొట్టుకుంటాయి. మామూలు కంటికి ఆ కదలిక అందదు. అందుకే మిణుకుమనే వెలుతురులో కదలికను నెమ్మదించినట్టు చూపించే స్ట్రోబోస్కోపీ వచ్చింది. ఆ తర్వాత సెకనుకు వేల ఫ్రేములు తీసే కెమెరాలూ వచ్చాయి. బొమ్మలకు కరవు లేదు. చిక్కంతా వాటిని చదవడంలోనే.

తేడా ఎక్కడొస్తుంది?

గొంతును అతిగా వాడేవాళ్లకు రెండు తంత్రుల మీదా ఎదురెదురుగా కాయల్లాంటివి వస్తాయి. అవి నాడ్యూల్స్‌. పాలిప్‌ అయితే ఎక్కువగా ఒకవైపే ఉంటుంది. తెల్లమచ్చ దగ్గరే అసలు పరీక్ష. అది ఏ ప్రమాదమూ లేనిది కావచ్చు, క్యాన్సర్‌కు తొలిమెట్టూ కావచ్చు. ఒక్కోసారి అంటుకున్న కఫం కూడా మచ్చలాగే కనిపిస్తుంది! అందుకే రక్తనాళాల తీరునూ చూస్తారు. తంత్రి పొడవునా సాగితే పెద్దగా భయం లేదు. నిలువుగా పైకి లేచి చుక్కల్లా, ఉచ్చుల్లా కనిపిస్తే అనుమానించాలి. యూరప్‌ స్వరపేటిక వైద్యుల సంఘం 2016లో చేసిన వర్గీకరణ సారం ఇదే.

నూటికి 86... అయినా చాలదు!

ఇద్దరు డాక్టర్లు వంద ఫొటోలు చూశారనుకుందాం. ఇద్దరూ తొంభయ్యేసి ఫొటోల్ని ‘మామూలే’ అన్నారు. 86 ఫొటోల్లో వాళ్ల మాట కలిసింది. భేష్‌ అనిపిస్తుంది కదూ! కానీ ఆ ఇద్దరూ కళ్లు మూసుకుని అదే లెక్కన చెప్పినా సగటున 82 ఫొటోల్లో మాట కలుస్తుంది. అంటే నైపుణ్యం వల్ల పెరిగింది నాలుగే. ఇలా కాకతాళీయంగా కుదిరినదాన్ని పక్కనపెట్టి అసలు పొంతనను కొలవడానికే 1960లో జేకబ్‌ కోహెన్‌ ‘కప్పా’ అనే కొలత ఇచ్చాడు.

పాఠం ఇలా చెప్పాలి

ఫొటోలో ఏ భాగం ఏమిటో గీత గీసి, పేరు రాసి కంప్యూటరుకు చూపించడాన్నే అనొటేషన్‌ అంటారు. అది నమ్మదగ్గదిగా ఉండాలంటే...

* దేన్ని మచ్చ అనాలో, దేన్ని వాపు అనాలో ముందే రాసుకోవాలి.

* ఒకరు పెట్టిన గుర్తు ఇంకొకరు చూడకూడదు. రోగి పేరు కనిపించకూడదు.

* చూసిన ఫొటోల్నే మధ్యలో మళ్లీ కలపాలి. డాక్టరు తన మాట మీద తను నిలబడుతున్నారో లేదో తెలుస్తుంది.

* అభిప్రాయాలు తేడా వస్తే కూర్చుని చర్చించాలి. అప్పటికీ తేలకపోతే ఆ తేడానూ నమోదు చేయాలి.

* బయాప్సీ జరిగిన చోట దాని ఫలితంతో సరిచూడాలి.

* ఒకే రోగి ఫ్రేములు అటు పాఠంలోనూ ఇటు పరీక్షలోనూ ఉండకూడదు. ఉంటే ప్రశ్నపత్రం లీకయినట్టే!

కంటికి జరిగింది... గొంతుకు?

కంటి ఫొటోల విషయంలో ఈ పని మన హైదరాబాద్‌ ట్రిపుల్‌ ఐటీ ఎప్పుడో చేసింది. గ్లకోమా పరిశోధన కోసం 2014లో ‘దృష్టి’ పేరుతో 101 ఫొటోలు సిద్ధం చేసింది. మదురై అరవింద్‌ ఆసుపత్రిలో తీసిన ఆ ఫొటోల మీద నలుగురు నిపుణులు గుర్తులు పెట్టారు. వాళ్ల అనుభవం మూడేళ్ల నుంచి ఇరవై ఏళ్ల దాకా! ఎవరో ఒకరి గీతనే ఖాయం చేయకుండా నలుగురివీ కలిపి చూపించారు.

స్వరతంత్రుల విషయంలో పెద్ద ప్రయత్నం 2020లో వెలువడిన ‘బ్యాగల్స్‌’. 640 రికార్డింగుల నుంచి తీసుకున్న 59,250 చిత్రాలవి. తంత్రుల మధ్య తెరుచుకునే సందును ప్రతి చిత్రంలోనూ గుర్తించారు. రోగమేదో చెప్పడం దాని పని కాదు. అందులోని ఏడు సంస్థలూ అమెరికా, యూరప్‌లవే. మన ఆసుపత్రుల కెమెరాలతో తీసిన మన గొంతుల మీద ఆ పాఠం ఎంత పనిచేస్తుందో ఇక్కడి ఫొటోలతో, ఇక్కడి నిపుణులతో సరిచూసుకోవాల్సిందే.

మీరేం చేయాలి?

జలుబుతో వచ్చిన బొంగురు కొన్నాళ్లకు పోతుంది. మూడు నాలుగు వారాలైనా తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించాలి. చుట్ట, బీడీ, సిగరెట్‌ అలవాటున్నవాళ్లు, మెడలో గడ్డ తగిలినవాళ్లు, మింగడం కష్టమైనవాళ్లు అన్నాళ్లూ ఆగకూడదు. అనకాపల్లివాళ్లకు విశాఖ పెదవాల్తేరులో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది. పరీక్ష చేయించుకుంటే వీడియో కాపీ అడిగి తీసుకోండి. రేపు రెండో డాక్టరును కలిసినా, ఆర్నెల్ల తర్వాత మచ్చ పెరిగిందో తగ్గిందో పోల్చాలన్నా అదే సాక్ష్యం. డాక్టర్లిద్దరి మాటా కలవలేదా? కంగారు పడొద్దు, నచ్చిన మాటను పట్టుకుని ఊరుకోనూ వద్దు. ‘తేడా ఎందుకొచ్చింది, ఏ పరీక్షతో తేలుతుంది?’ అని అడగండి.