చుక్క గుర్తు కింద చిన్నక్షరాలు

మా షాపులో ముడతల క్రీములు రెండు చోట్ల ఉంటాయి. ఒకటి గుమ్మానికి ఎదురుగా, లైట్లు పడే అద్దాల అలమర. అక్కడ 50 గ్రాముల డబ్బా ఎనిమిది తొమ్మిది వందల దగ్గర మొదలై వేలల్లోకి పోతుంది. రెండోది నా వెనకాల సొరుగు, మొటిమల మందులు పెట్టేచోటు. అందులో ఉండే చిన్న ట్యూబు రెండు మూడొందలు. దానికి పోస్టరూ లేదు, సినిమా తారా లేదు. ముడతల విషయంలో దశాబ్దాలుగా పరీక్షలకు నిలబడ్డది మాత్రం ఆ ట్యూబే. పేరు ట్రెటినాయిన్. విటమిన్ ఎ కుటుంబానికి చెందిన ఆమ్లం.

కాకినాడలో నేనూ మావారూ కలిసి నడిపే మెడికల్ షాపు ఇది. ముఖం సంగతులు ఆడవాళ్లు ఆయన్ని అడగరు. ఆయన భోజనానికి లేచేదాకా ఆగి, డబ్బా నా ముందు పెట్టి, "అక్కా, ఇది రాస్తే నిజంగా పోతాయా?" అంటారు. నేను ఆ డబ్బా అట్టపెట్టెను వెనక్కి తిప్పుతాను. ముందువైపు పెద్దక్షరాల్లో నూటికి ఇంతమంది చర్మం బిగువైందన్నారని ఉంటుంది, చివర ఒక చుక్క గుర్తు. అదే గుర్తు వెనకాల, బార్‌కోడ్ పక్కన మళ్లీ కనిపిస్తుంది. కళ్లజోడు పెట్టుకుని చదివితే తేలేదేమిటంటే, కొద్దిమందికి కొన్ని వారాలు క్రీమిచ్చి, మీకెలా ఉందని అడిగారు. వాళ్లు బాగుందన్నారు. క్రీము ఊరికే చేతికొచ్చినప్పుడు, రోజూ అద్దం ముందు నిలబడి శ్రద్ధగా రాసుకున్నప్పుడు, బాగోలేదని ఎవరంటారు?

అసలు పరీక్ష అది కాదు. సగం మందికి మందున్న క్రీము, మిగతా సగానికి అదే రంగు, అదే వాసనతో మందు లేని ఉత్తి క్రీము ఇవ్వాలి. ఎవరికేది వెళ్లిందో రాసుకునేవాళ్లకీ, చూసి లెక్కకట్టే డాక్టరుకీ తెలియకూడదు. ఇంత తతంగం ఎందుకంటే, ఉత్తి క్రీము కూడా పనిచేస్తుంది. ఎండు శనగలు నానేస్తే ముడతలు విప్పుకున్నట్టు, పొడిబారిన చర్మం పైపొర తడి పట్టగానే ఉబ్బి సన్నగీతలు కనపడకుండా పోతాయి. అది అబద్ధమేమీ కాదు. కాకపోతే ముఖం కడిగితే మళ్లీ మొదటికే. ఆ పని కొబ్బరినూనె చేస్తుంది, గ్లిజరిన్ చేస్తుంది, వంద రూపాయల మాయిశ్చరైజరు చేస్తుంది.

ఈ పరీక్ష ధైర్యంగా చేయించుకున్న షాపు క్రీము ఒకటుంది. ఇంగ్లండులో బూట్స్ అనే మందుల షాపుల సంస్థ ‘నంబర్ 7’ పేరుతో ఒక సీరమ్ అమ్ముతుంది. 2007లో బీబీసీ ‘హొరైజన్’ కార్యక్రమంలో, ఇదొక్కటీ చర్మంలో కొంత మార్పు తెచ్చిందని చెప్పారు. తెల్లారేసరికి షాపుల ముందు జనం, సరుకు ఖాళీ. ఆ తర్వాత మాంచెస్టర్ విశ్వవిద్యాలయం వాళ్లు 60 మంది మీద సరైన పద్ధతిలో పరీక్షించి 2009లో ఫలితాలు ప్రచురించారు. డబ్బు పెట్టింది కంపెనీయే. ఆరు నెలలకు సీరమ్ రాసుకున్నవాళ్లలో 43 శాతం మందికి ముడతలు తగ్గాయి. ఉత్తి క్రీము రాసుకున్నవాళ్లలో 22 శాతం మందికి తగ్గాయి. రెట్టింపు కదా అనిపిస్తుంది. కానీ ఇంత చిన్న గుంపులో ఆ తేడా యాదృచ్ఛికంగా వచ్చింది కాదని గణాంకాలు గట్టిగా చెప్పలేకపోయాయి. ఏమీ లేని క్రీముతోనే అయిదుగురిలో ఒకరికి పైగా బాగుపడ్డారన్న సంగతి చూడండి. నాకు ఆ పరిశోధన మీద గౌరవమే. అలమరలో ఉన్న డబ్బాల్లో చాలావాటికి ఆ మాత్రం పరీక్ష కూడా ఉండదు.

ఇక సొరుగులోని ట్యూబు. 1960లలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో చర్మవైద్యుడు ఆల్బర్ట్ క్లిగ్మన్ దీన్ని మొటిమలకు వాడి చూశాడు. ఆయన పేరు తలిస్తే ఫిలడెల్ఫియా హోమ్స్‌బర్గ్ జైలు ఖైదీల మీద ఆయన చేసిన ప్రయోగాలూ గుర్తు రావాలి. ఈ మందు చరిత్ర అంత శుభ్రమైనదేం కాదు. మొటిమలకు వాడిన పెద్ద వయసు ఆడవాళ్లు చర్మం నునుపెక్కిందంటుంటే ఆయన ఆ దారి పట్టాడు. 1988లో మిషిగన్ విశ్వవిద్యాలయం వాళ్లు 30 మందికి 16 వారాలు రాయించి, ఉత్తి క్రీముతో పోల్చి, ఎండకు పాడైన చర్మం బాగుపడుతోందని చూపించారు. చాలామందికి ముఖం ఎర్రబడి పొట్టు రేగింది కూడా. 1995లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ సన్నని ముడతలకు దీన్ని అనుమతించింది. ఇది చర్మం లోపలికి దిగి చర్మాన్ని బిగువుగా ఉంచే కొల్లాజెన్ తయారీని పెంచుతుంది, ఉన్నదాన్ని అరగదీసే ఎంజైములను అదుపు చేస్తుంది. వారాల్లో కాదు, నెలల్లో. మానేస్తే లాభం మెల్లగా తరిగిపోతుంది.

దీని చెల్లెలు రెటినాల్ అలమరలో దొరుకుతుంది. అది చర్మంలోకి వెళ్లి ఆమ్లంగా మారాలి, కాబట్టి బలం తక్కువ. అదే మిషిగన్ బృందం 2007లో సగటున 87 ఏళ్ల వృద్ధులు 36 మందికి, ఒక చేతికి 0.4 శాతం రెటినాల్, రెండో చేతికి ఉత్తి లోషన్ 24 వారాలు రాసింది. రెటినాల్ రాసిన చేతి మీద గీతలు తగ్గాయి. మన డబ్బాల మీద రెటినాల్ అని ఉంటుంది గానీ ఎంత శాతమో చాలావాటి మీద ఉండదు. కొల్లాజెన్ క్రీముల సంగతి ఒక్క మాటలో చెప్తాను: బరువు సుమారు 500 డాల్టన్లు దాటిన అణువు మామూలు చర్మంలోకి దూరడం కష్టం, కొల్లాజెన్ దాదాపు 3 లక్షలు. పైన కూర్చుంటుంది, అంతే.

మరి ప్రకటనలు అంత గొప్పలు ఎలా చెబుతాయి? ఇక్కడే తమాషా ఉంది. అమెరికా చట్టం ప్రకారం శరీర నిర్మాణాన్నో పనితీరునో మారుస్తామని అమ్మితే అది మందు అయిపోతుంది, అనుమతి తెచ్చుకోవాలి. అందుకని కంపెనీలు గీత దాటీ దాటనట్టు నడుస్తాయి. జన్యువులను ఉత్తేజపరుస్తామని చెప్పిన లోరియాల్ మీద అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు పెడితే, తగిన రుజువు లేకుండా అలాంటి మాటలు చెప్పబోమని 2014లో ఆ కంపెనీ ఒప్పుకుంది.

అన్నిటికన్నా గట్టి రుజువున్నది ముడతల క్రీమే కాదు, సన్‌స్క్రీన్. ఆస్ట్రేలియా నంబూర్ పట్టణంలో 903 మందిని నాలుగున్నరేళ్లు గమనించారు. ముఖాలు చూసి ఊహించడం కాదు, చేతి వెనకభాగానికి సిలికోన్ అచ్చు తీసి గీతల తీరును అంచనా కట్టారు. రోజూ రాసినవాళ్లలో, ఇష్టమొచ్చినప్పుడు రాసినవాళ్లకన్నా చర్మం ముదరడం 24 శాతం తక్కువ. 2012లో ఒక అమెరికన్ వైద్య పత్రిక 28 ఏళ్లు ట్రక్కు నడిపిన డ్రైవరు ఫొటో వేసింది. కిటికీ వైపున్న ఎడమ చెంప మడతలు మడతలు, కుడి చెంప మామూలుగా. అద్దంలోంచి వచ్చే యూవీ‑ఎ కిరణాలు చేసిన పని అది. మన బస్సుల్లో డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు, అంతే తేడా.

మన రంగు చర్మానికి ముడతలు ఆలస్యంగా వస్తాయి, మంగు ముందు వస్తుంది. ముడతలని వచ్చేవాళ్లలో సగం మందికి బాధ నిజానికి మంగే. వాళ్లకి భయంకరమైన దారి ఒకటుంది: స్టెరాయిడ్ కలిపిన ట్యూబు. పది రోజుల్లో ముఖం మెరుస్తుంది, నెలల్లో చర్మం పలచబడి నరాలు తేలతాయి, ఆపగానే మంట. పేరు చెప్పి అడిగినా నేను తీయను.

రోజూ అడిగేవాళ్లకి నేను చెప్పేది ఇదే. సన్‌స్క్రీన్ రెండు వేళ్ల పొడవునా పిండి ముఖానికీ మెడకీ రాయండి, అట్ట మీద ఎస్‌పీఎఫ్ 30కి తగ్గకుండా, పీఏ పక్కన ప్లస్‌లు ఉన్నవి చూసుకోండి. సొరుగులో ట్యూబు కావాలంటే చర్మం డాక్టరు చీటీ తెండి. రాత్రిపూట బఠాణీ గింజంత చాలు, మొదట్లో రెండు మూడు రోజులకోసారి. కడుపుతో ఉన్నా, ఆ ఆలోచనలో ఉన్నా వద్దు. మొన్న ఒక కోడలుపిల్ల, "మా అత్తయ్య వాడేదే కదక్కా, చీటీ ఎందుకు?" అంది. నెలసరి ఎప్పుడొచ్చిందని అడిగితే మొహం చిట్లించుకుని ఎదురు షాపుకి వెళ్లింది. వెళ్లనీ.