కట్టె కవచం

రాత్రి పది గంటలు దాటుతుంది. పుదుచ్చేరి పట్టణపు సముద్రతీర దీపాలను వెనుక విడిచి, పడమటి పల్లెల వైపు సాగితే, ద్రౌపదీ అమ్మన్ ఉత్సవాల కాలంలో ఇటువంటి దృశ్యం కంటబడుతుంది. ఊరి బయలులో పిల్లలూ పెద్దలూ నేలమీద చాపలు పరచుకొని కూర్చుంటారు. హార్మోనియం, మృదంగం, తాళాలు, ముఖవీణ ఒక్కసారిగా మ్రోగుతాయి. ఇద్దరు మనుషులు ఒక తెరను చేతులతో పట్టుకొని నిలబడతారు. వెనుక గజ్జెల చప్పుడు. తెర అంచుపైన కిరీటపు కొన తళుక్కుమంటుంది. మరుక్షణంలో తెర తొలగిపోతుంది. ఎదుట కర్ణుడు!

తమిళులు ఈ ఆటను తెరుక్కూత్తు అంటారు. మన మాటలో వీధినాటకం. దీనికే కట్టైక్కూత్తు అని మరొక పేరు. కట్టై అంటే మన కట్టెయే. రాజులు, వీరులు ధరించే కర్ర ఆభరణాల వల్ల ఈ పేరు వచ్చినది. తలపై ఎత్తైన కిరీటం, చెవులను కప్పే కర్ణపత్రాలు, భుజాల నుండి రెక్కలవలె విచ్చుకొనే భుజకీర్తులు, రొమ్మును కప్పే పతకం: ఇవన్నీ తేలికపాటి కర్రతో చెక్కినవే. వాటిపై ఎఱ్ఱని, బంగారు వన్నె పూతలు, అద్దపు ముక్కలు. ఒకనాడు నూనె కాగడాల వెలుగులో, నేడు విద్యుద్దీపాల వెలుగులో ఆ అద్దాలు మెరుస్తూ ఉంటే, చీకటిలో మనిషి ఉన్నదానికంటె రెండింతలుగా కనిపిస్తాడు.

నటుడు తన ముఖానికి రంగు తానే వేసుకుంటాడు. కాని ఈ కవచాన్ని ఒంటరిగా ధరించలేడు. తోటివారు తాళ్ళు బిగించి కట్టాలి. కర్ర తేలికదే అయినా, అన్నీ కలిసి ఒంటిమీదికి వచ్చేసరికి తేలిక కాదు. కుచ్చుల పావడా, కాళ్ళకు గజ్జెలు అదనం. ఈ బరువుతోనే గిరగిర తిరగాలి, పాడాలి, వాదించాలి. తెల్లవారేదాకా కథ నడవాలి.

మరి ఈ కవచం దేనిని కాపాడుతుంది?

చరిత్రలోని కవచాలకు ఈ ప్రశ్న లేదు. పదిహేనవ శతాబ్దపు ఐరోపా యోధుని ఉక్కు కవచం పదిహేను నుండి ఇరవై అయిదు కిలోల దాకా తూగేది. ఆ బరువును భరించినందుకు ప్రతిఫలంగా కత్తివేటు నుండి ప్రాణం దక్కేది. 1974లో అమెరికాలో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు ‘డన్జన్స్ అండ్ డ్రాగన్స్’ అనే ఆటను వెలువరించారు. బల్ల చుట్టూ కూర్చొని, పాచికలు వేస్తూ, ఒక్కొక్కరు ఒక్కొక్క వీరుని పాత్ర వహించే ఆట అది. దాని ఇటీవలి నియమావళిలో పూర్తి ఉక్కు కవచం బరువు అరవై అయిదు పౌనులు, అంటే దాదాపు ముప్పై కిలోలు. కాని అది కాగితం మీది అంకె మాత్రమే. ఆడేవాని భుజాలకు ఆ బరువు తెలియదు. రక్షణ మాత్రం అతని పాత్రకు లభిస్తుంది.

కూత్తు నటుని సంగతి దీనికి సరిగా తలక్రిందులు. బరువు నిజం, రక్షణ శూన్యం. ఆ కర్ర పతకం ఏ బాణాన్నీ ఆపదు. అయినా అది లేనిదే అతడు కర్ణుడు కాలేడు. దాని శక్తి ధరించినవాని మీద కాదు, చూచేవారి మీద పనిచేస్తుంది.

ఆ శక్తి ఎంతటిదో చెప్పే కథ ఒకటి తమిళ రంగస్థలంలో ప్రచారంలో ఉన్నది. తమిళ సంగీత నాటకాలకు గురువుగా పేరొందిన శంకరదాస్ స్వామిగళ్ 1867లో జన్మించి, 1922లో పుదుచ్చేరిలోనే కన్నుమూశారు. పుదుచ్చేరి విశ్వవిద్యాలయంలోని ప్రదర్శన కళల విద్యాలయానికి ఆయన పేరే పెట్టారు. యౌవనంలో ఆయన యముడు, శని వంటి భయంకర పాత్రలు ధరించేవారు. ఒక తెల్లవారుజామున శని వేషం తీయకుండానే నీటిరేవుకు వెళ్ళగా, ఆ రూపాన్ని చూచిన గర్భిణికి భయంతో గర్భస్రావం అయినదట. ఆనాటితో ఆయన వేషం కట్టడం మానివేసి, నాటక రచనకూ శిక్షణకూ అంకితమయ్యారని చెబుతారు.

కూత్తులలో మిక్కిలి ప్రసిద్ధమైన వాటిలో ‘కర్ణమోక్షం’ ఒకటి. కర్ణుడు సహజ కవచకుండలాలను ఇంద్రునికి దానమిచ్చిన ఘట్టం తెలుగు పాఠకులకు ఎఱ్ఱన పూరించిన అరణ్యపర్వ శేషం ద్వారా పరిచితమే. యుద్ధంలో పదిహేడవనాటి కర్ణునికి ఆ కవచం లేదు. కూత్తులో అతని భార్య పేరు పొన్నురువి. భర్త పుట్టుకను హీనంగా చూచిన రాజపుత్రిక ఆమె. కడపటి యుద్ధానికి బయలుదేరుతూ కర్ణుడు ఆమెకు తన జన్మరహస్యం చెబుతాడు. కవచం పోగొట్టుకున్న వీరుని పాత్రను నిలువెల్లా కవచం ధరించిన నటుడు ఆడతాడు. ఆ వైరుధ్యం ప్రేక్షకులకు వింతగా తోచదు. పుట్టుకను బట్టి లోకం ఇవ్వని గౌరవాన్ని ఆ రాత్రి ఆ కర్ర ముక్కలు ఇస్తున్నాయి.

ఆ మాట నటునికీ వర్తిస్తుంది. కూత్తు కళాకారులలో అనేకులు పొలం పనులతో, కూలితో బ్రతికే కుటుంబాలవారు. వీధినాటకం అన్న పేరులోనే చులకన భావం ధ్వనిస్తున్నదని వారిలో కొందరికి అభ్యంతరం. నటుడు పి. రాజగోపాల్ తోటి కళాకారులతో కలిసి, 1990లో కాంచీపురంలో స్థాపించిన సంస్థకు ‘కట్టైక్కూత్తు సంఘం’ అని పేరు పెట్టడానికి కారణం ఇదే. వీధిని కాక, వేషాన్ని కళకు చిహ్నంగా నిలిపారు. ఆ సంఘం 2002లో ప్రారంభించిన గురుకులంలో బడి చదువుతోపాటు కూత్తు నేర్పారు. అనాదిగా పురుషులదే అయిన ఈ ఆటలో బాలికలు కూడా కిరీటం ధరించారు. ఆ గురుకులం 2020లో మూతపడినది.

ఈ వేషం మనకు పరాయిది కాదు. చిత్తూరు ప్రాంతపు ద్రౌపదీ ఆలయాలలో భారత ఉత్సవాలు జరుగుతాయి. రాత్రివేళ తెలుగులో వీధినాటకాలు ఆడతారు. చివరి రోజున మట్టితో మలచిన దుర్యోధనుని భారీ విగ్రహం చెంత భీముడు గద ఎత్తుతాడు. తెలంగాణ చిందు యక్షగానంలోనూ కర్ర కిరీటాలు, భుజకీర్తులు ఉన్నాయి. భాషలు వేరైనా భుజాలపై భారం ఒక్కటే.

తూర్పు తెల్లబడుతుంది. కర్ణుని రథం భూమిలో క్రుంగుతుంది. బ్రాహ్మణ వేషంలో వచ్చిన కృష్ణునికి అతడు తన పుణ్యాన్ని కూడా ధారపోస్తాడు. చాపలు చుట్టుకొని జనం లేస్తారు. తెర వెనుక ఎవరో తాళ్ళు విప్పుతారు. కిరీటం, భుజకీర్తులు, పతకం పెట్టెలోకి చేరుతాయి. చెమట తుడుచుకొంటూ ఒక సామాన్యుడు బయటకు వస్తాడు. దారిలో ఎదురైన ఊరిపెద్ద ఒకరు అతనికి చేతులు జోడిస్తే, ఆ నమస్కారం ఇంకా కర్ణునికే కావచ్చు. అయితేనేం! ఆ కట్టె కవచం కాపాడినది ఆ నమస్కారాన్నే.