గాజుదిమ్మెలో కాంతి, కాలువలో లోతు

మాచర్ల సమీపమున కృష్ణానదిపై వెలసిన నాగార్జునసాగర్ నుండి కుడికాలువకు 1967లో నీరు విడుదలయినది. ఆ నీరు పల్నాటి మెట్టపొలములకు ప్రాణము పోసినది. అయితే నీరు తేటపడిన వేళ గట్టున నిలిచి చూచిన, కాలువ అడుగు పైకి లేచినట్లు కన్పించును. నడుములోతే యనుకొని దిగినవారికి కాళ్లు అందకపోవచ్చును. దీనికి కారణమేమి? పాఠశాలలోని గాజుదిమ్మెయే దీనికి సమాధానము చెప్పగలదు.

తెల్లకాగితముపై దిమ్మె నుంచి, దాని అంచులు గీయవలెను. ఒక అంచుకు లంబము గీసి, లంబముతో 45 డిగ్రీల కోణము చేయు రేఖపై రెండు గుండుసూదులు గుచ్చవలెను. ఆవలివైపునుండి దిమ్మెగుండా చూచుచు, వాటితో ఒకే వరుసలో కన్పించునట్లు మరి రెండు సూదులు గుచ్చవలెను. దిమ్మె తీసి రేఖలు కలిపినచో, లోనికి పోయిన కిరణము, వెలికి వచ్చిన కిరణము సమాంతరముగా నుండును. కాని ఒకే రేఖపై నుండవు. దిమ్మె వెడల్పు 6 సెంటీమీటర్లయినచో కిరణము సుమారు 2 సెంటీమీటర్లు ప్రక్కకు జరుగును.

కాంతి గాలిలో సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు, గాజులో సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోవును. గట్టిబాటనుండి నల్లరేగడి బురదలోనికి ఏటవాలుగా దిగు బండికి ముందుగా ఒక చక్రము మందగించును. బండి ఆ వైపునకు మళ్లును. కాంతియు నిట్లే గాజులో ప్రవేశించునపుడు లంబమువైపునకు వంగును. వెలికి వచ్చునపుడు లంబమునుండి తొలగును. ఈ వంపునకు సూత్రమును 1621లో హాలెండు దేశీయుడు స్నెల్ కనుగొనెను. దిమ్మె ముఖములు సమాంతరములగుటచే మొదటి వంపును రెండవది సరిదిద్దును. కిటికీ అద్దము మందము 3 మిల్లీమీటర్లే గనుక, 45 డిగ్రీల కోణమున పడిన కిరణము జరుగునది 1 మిల్లీమీటరు మాత్రమే. అందుచే అద్దము మనలను మోసగించదు.

కాలువలో అట్లు కాదు. అడుగునుండి వచ్చు కాంతి నీటి ఉపరితలమున ఒక్కసారియే వంగును. దానిని సరిదిద్దు రెండవ ముఖము లేదు. కన్ను మాత్రము కిరణము తిన్నగనే వచ్చినదని భావించును. నీటి వక్రీభవన గుణకము సుమారు 4/3. కావున 2 మీటర్ల లోతు నిటారుగా చూచువారికి 1.5 మీటర్లుగా తోచును. గట్టునుండి ఏటవాలుగా చూచువారికి ఇంకను తక్కువగా తోచును.

ఉపాధ్యాయులు ఆ దిమ్మెనే 6 సెంటీమీటర్ల ఎత్తు వచ్చునట్లు పుస్తకముపై నిలిపి, పైనుండి చూపవచ్చును. అక్షరములు దాదాపు 2 సెంటీమీటర్లు పైకి లేచి కన్పించును. దీనిని చూచిన విద్యార్థి కాలువ లోతును కంటితో కొలిచి నీటిలో దిగడు.