ఈవెంట్స్ పరుగు వేరు, మారథాన్ పరుగు వేరు

పోలీసు నోటిఫికేషన్ పడిందంటే చాలు, కరీంనగర్‌లో అంబేడ్కర్ స్టేడియం, ఎస్సారార్ కాలేజీ గ్రౌండు, ఆదిలాబాద్‌లో ఇందిరా ప్రియదర్శిని స్టేడియం తెల్లారకముందే నిండిపోతాయి. బూట్లున్న వాళ్లు బూట్లతో, లేనివాళ్లు వట్టి కాళ్లతో ఉరుకుతుంటారు. గీత దగ్గర ఒకడు ఫోన్లో టైం చూసి అరుస్తుంటాడు. కోచింగు పిల్లలు దీన్ని ‘ఈవెంట్స్’ అంటారు. 2022 నోటిఫికేషన్ ప్రకారం మగవాళ్లు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడవాళ్లు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తిచేయాలి. ఆ వారం గడిచిందా, గ్రౌండు మళ్లీ ఖాళీ. పొద్దున వాకింగుకు వచ్చే పెద్దమనుషులు, వాళ్ల రాజకీయ చర్చలు మిగులుతాయి.

మన దిక్కున పరుగంటే కొలువు. అందుకే నలభై ఏళ్ల బ్యాంకు ఉద్యోగి షార్ట్స్ వేసుకొని రోడ్డెక్కితే, చాయ్ హోటల్ దగ్గర ఎవరో ఒకరు “ఏ సెలక్షన్లకు సార్?” అని అడగక మానరు. ఆ ప్రశ్నతో వచ్చే నష్టమేమీ లేదు. నష్టమంతా ఆ ఉద్యోగి బుర్రలోనే ఉంది. ఆయన చూసిన పరుగు ఈవెంట్స్ పరుగొక్కటే. మారథాన్ చేయాలని నిర్ణయించుకున్న మొదటి పొద్దున ఆయన కూడా పళ్లు బిగించి, వెనుక ఎవరో తరుముతున్నట్టు ఉరుకుతాడు. రెండు నిమిషాలకు ఆయాసం, నాలుగు రోజులకు పిక్కల్లో నొప్పి, రెండో వారానికి బూట్లు అటక మీదికి. ‘మనకు పరుగు పడదు’ అని తేల్చేస్తాడు. ఆయనకు పడనిది పరుగు కాదు, వేగం.

లెక్క వేసి చూద్దాం. 1600 మీటర్లకు 7 నిమిషాల 15 సెకన్లంటే కిలోమీటరుకు దాదాపు నాలుగున్నర నిమిషాలు. అదే వేగాన్ని మారథాన్ చివరిదాకా నిలబెట్టగలిగితే 3 గంటల 11 నిమిషాల్లో ముగుస్తుంది. ఏళ్ల తరబడి సాధన చేసినవాళ్లు కూడా గర్వంగా చెప్పుకొనే టైం అది. మొదటిసారి మారథాన్ చేసే మామూలు మనిషికి ఐదు గంటలు, ఆరు గంటలు పడుతుంది. అంటే కిలోమీటరుకు ఏడు నుంచి ఎనిమిదిన్నర నిమిషాలు. ఆడవాళ్ల 800 మీటర్ల గడువును ఇలాగే సాగదీస్తే 4 గంటల 41 నిమిషాలు వస్తుంది. విచిత్రమేమిటంటే, మారథాన్ మీద మనసుపడ్డ కొత్తవాళ్లకు మగవాళ్ల గడువుకన్నా ఈ గడువే పనికొచ్చే కొలత.

మారథాన్ దూరం 42.195 కిలోమీటర్లు. 1908 లండన్ ఒలింపిక్స్‌లో పరుగెత్తిన దూరమిది. 1921లో ఇదే ప్రామాణికమైంది. మనకు అర్థమయ్యేట్టు చెప్పాలంటే, కరీంనగర్‌లో బయల్దేరి కాళ్ల మీద హుజూరాబాద్ చేరడం. బస్సు కిటికీలోంచి ఒకసారి ఆ దారంతా శ్రద్ధగా చూస్తే దూరం మీద కొంత భయం, భక్తి పుడతాయి. అవి ఉండాల్సినవే.

ఇక శరీరం సంగతి. పరుగు మొదలుపెట్టిన కొద్ది వారాలకే గుండె, ఊపిరితిత్తులు, రక్తం దానికి అలవాటుపడతాయి. నిన్న ఆయాసపడ్డ దూరం ఇవాళ హాయిగా అయిపోతుంది. ఎముకలు, కండరాలను ఎముకలకు కట్టి ఉంచే నరాల వంటి పట్టీలు అంత తొందరగా గట్టిపడవు, వాటికి నెలలు కావాలి. కొత్తవాళ్ల దెబ్బల్లో చాలావరకు ఈ తేడాలోంచి పుట్టేవే. ఊపిరి ‘ఇంకా పోదాం’ అంటుంది, పిక్క ఎముక ‘వద్దు’ అంటుంది. రెండో నెలలో, అంతా బాగుందనుకున్నప్పుడే, పిక్క ముందు భాగంలోనో మడమలోనో నొప్పి మొదలయ్యేది ఇందుకే. ఒకేచోట వేలు పెడితే భగ్గుమనే నొప్పి, రాత్రి పడుకున్నా తగ్గని నొప్పి అయితే ఆపేసి ఎముకల డాక్టరును కలవాలి. ‘పరుగెత్తితే అదే పోతుంది’ అనే గ్రౌండు సలహా ఇక్కడ ప్రమాదకరం.

నెమ్మదిగా అంటే ఎంత నెమ్మదిగా? న్యూజిలాండ్ కోచ్ ఆర్థర్ లిడియార్డ్ దీనికి వాచీ అక్కరలేని జవాబు చెప్పాడు. పక్కవాడితో మాట్లాడుతూ పోగలిగినంత నెమ్మదిగా. ఒలింపిక్ విజేతలను తయారుచేసిన ఈ కోచే 1960ల మొదట్లో ఆక్లాండ్‌లో నడివయసు వాళ్లను, గుండెజబ్బు వచ్చి తేరుకున్నవాళ్లను పోగేసి మెల్లగా పరుగెత్తించాడు. 1962లో అమెరికా కోచ్ బిల్ బవర్‌మన్ అక్కడికి వెళ్లినప్పుడు, గుండెపోట్లు తట్టుకున్న డెబ్భై దాటిన పెద్దాయనతో కలిసి పరుగెత్తలేక వెనకబడ్డాడట. యాభై దాటిన ఆ కోచ్ సిగ్గుపడి, ఊరికి తిరిగిపోయి, జాగింగ్‌ను అమెరికాకు అలవాటు చేశాడు. తర్వాత నైకీ కంపెనీని స్థాపించిన ఇద్దరిలో ఒకడు ఆయనే. లోకమంతా పార్కుల్లో సామాన్యులు పరుగెత్తడం వెనుక ఇలా ఒక నెమ్మది పరుగు ఉంది.

నెమ్మదిగా, దూరంగా, రోజుల తరబడి సాగడం మనకు కొత్త విద్యేమీ కాదు. ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో పుష్య అమావాస్యకు నాగోబా జాతర జరుగుతుంది. దానికి ముందు గోండుల్లోని మెస్రం వంశీయులు తెల్లని బట్టలు కట్టుకొని, చెప్పుల్లేకుండా, జన్నారం మండలంలోని కలమడుగు దగ్గర హస్తిన మడుగుకు నడిచివెళ్లి గోదావరి నీళ్లు తెస్తారు. పోనూ రానూ వంద కిలోమీటర్లకు పైమాటే. వరుసలో వృద్ధులూ ఉంటారు. ఎవరూ ఎవరినీ దాటిపోరు. దారిలో ఊళ్లలో ఆగుతారు, తింటారు, పడుకుంటారు, మళ్లీ లేస్తారు. అది మొక్కు, ఆట కాదు. దాన్ని ఫిట్‌నెస్ పాఠంగా కుదించడం మర్యాద కాదని నాకు తెలుసు. అయినా మారథాన్ కోచ్‌లు కొత్తవాళ్లకు ఏళ్లుగా చెప్పి చెప్పి అలసిపోయే సంగతులు, అంటే తొందరపడకు, గుంపుతో పో, ఆగాల్సిన చోట ఆగు అనేవి, ఆ వరుసకు ఎవరూ చెప్పాల్సిన పని లేదు.

కాబట్టి మొదటి నెల నడకే. రోజుకు అరగంటో నలభై నిమిషాలో, వారానికి ఐదు రోజులు, చేతులూపుతూ చురుగ్గా. రెండో నెలలో నడకలో పరుగు కలపాలి. ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక, అలా అరగంట. పరుగు రోజు తర్వాత రోజు పరుగు ఉండకూడదు. కొన్ని వారాల్లో పరుగు నిమిషాలు పెరుగుతాయి, నడక నిమిషాలు తరుగుతాయి. మూడు నాలుగు నెలలకు ఐదు కిలోమీటర్లు ఆగకుండా పోవడం చాలామందికి సాధ్యం. నడక కలిపితే పరుగు కాదనుకునే వాళ్లున్నారు. అమెరికా రన్నర్ జెఫ్ గాలోవే 1970ల నుంచి నడక విరామాలతోనే ఎందరినో మారథాన్ దాటించాడు. ఫినిష్ లైను దగ్గర ఎవరూ ‘నడిచావా’ అని అడగరు, అడిగినా మెడల్ వెనక్కి తీసుకోరు.

వారానికి పది శాతం మించి దూరం పెంచొద్దని ఒక సూత్రం రన్నర్ల నోళ్లలో నానుతుంటుంది. నెదర్లాండ్స్ పరిశోధకులు 532 మంది కొత్త రన్నర్లను రెండు జట్లుగా చేసి పరీక్షించారు. ఒక జట్టు పది శాతం సూత్రంతో 13 వారాలు, ఇంకో జట్టు మామూలు పద్ధతిలో 8 వారాలు సాధన చేసింది. 2008లో ప్రచురించిన ఫలితం ఏమిటంటే, దెబ్బలు తగిలినవాళ్లు ఒక జట్టులో 20.8 శాతం, రెండోదాంట్లో 20.3 శాతం. తేడా లేదనే చెప్పాలి. ఎలా పోయినా ఐదుగురిలో ఒకరికి ఏదో ఒకటి పట్టేస్తుందన్నమాట. 2025లో ఐదు వేల మందికి పైగా రన్నర్లను గమనించి రాసిన మరో పత్రం చూపు మార్చింది. వారం మొత్తం దూరం కన్నా, ఒక్క పూటలో ఎగబడడమే ముప్పు తెస్తున్నదని, గడిచిన నెలలో చేసిన అన్నిటికన్నా పెద్ద పరుగును ఒక్కసారిగా పది శాతానికి మించి దాటితే దెబ్బలు పెరుగుతున్నాయని తేల్చింది. నలుగురు దోస్తులు కలిసిన ఆదివారం ‘డ్యాం దాకా పోదాం పద’ అని ఆరు కిలోమీటర్ల మనిషి పన్నెండు లాగించడం సరిగ్గా ఇదే.

బూట్ల గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. కాలివేళ్ల ముందు చేతి బొటనవేలి వెడల్పంత జాగా, మడమ జారకపోవడం, వేసుకోగానే సుఖం, అంతే. సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. మన దేశపు మారథాన్ రన్నర్ శివనాథ్ సింగ్ పాదాలకు టేపు చుట్టుకొని వట్టి కాళ్లతో పరుగెత్తేవాడని, 1978లో జలంధర్‌లో ఆయన పెట్టిన 2 గంటల 12 నిమిషాల జాతీయ రికార్డు నలభై ఏళ్లకు పైగా నిలిచిందని వాదించేవాళ్లు ఎదురవుతారు. నిజమే. ఆయన శివనాథ్ సింగ్.

ఎక్కడ పరుగెత్తాలన్నది అంతకన్నా పెద్ద ప్రశ్న. కరీంనగర్ వాళ్లకు గ్రౌండ్లు, మానేరు డ్యాం పరిసరాలు ఉన్నాయి. మట్టి దారి దొరికితే సిమెంటు రోడ్డు కన్నా కాళ్లకు శ్రమ తక్కువ. రాజీవ్ రహదారి అంచున, ఆదిలాబాద్‌లో 44వ నంబరు జాతీయ రహదారి మీద చీకట్లో పరుగు మాత్రం వద్దే వద్దు, చలికాలపు పొగమంచులో అసలే వద్దు. ఎనభై దాటాక పరుగు పట్టి, 2011లో టొరంటో మారథాన్ పూర్తిచేసినప్పుడు వందేళ్లవాడిగా లోకానికి తెలిసిన ఫౌజా సింగ్ ప్రాణం తీసింది వయసు కాదు. 2025 జులైలో పంజాబ్‌లోని సొంతూళ్లో రోడ్డు దాటుతుంటే వాహనం కొట్టింది. చీకట్లో పోక తప్పకపోతే లేత రంగు బట్టలు, మెరిసే పట్టీ వేసుకొని, ఎదురొచ్చే బండ్లు కనపడేలా కుడివైపు పోవాలి. చెవుల్లో పాటలు వద్దు. కుక్కలు వెంటపడితే ఉరకడం ఆపి నడవాలి, చాలాసార్లు అవీ ఆగిపోతాయి.

ఆడవాళ్లకు ఈ లెక్కలన్నీ ఇంకో మెట్టు పైన ఉంటాయి. చీకటి, చూపులు, వంటింటి గడియారం. ఇద్దరు ముగ్గురు కలిసి గ్రౌండును ఎంచుకుంటే సగం చిక్కు తీరుతుంది. శరీరం వైపు నుంచి మరో సంగతి ఉంది. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నట్టు తేలింది. ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబినే తక్కువైతే ఎంత పట్టుదలున్నా ఆయాసం తగ్గదు. నెలలు గడిచినా పరుగు తేలిక కాకపోతే మనసును తిట్టుకోకుండా రక్తపరీక్ష చేయించుకోవాలి. నలభై దాటిన మగవాళ్లు, బీపీ, షుగర్ ఉన్నవాళ్లు, ఇంట్లో చిన్న వయసులోనే గుండెపోటు చూసినవాళ్లు మొదలుపెట్టేముందే డాక్టరును కలవడం మంచిది. పరుగులో ఛాతీ బిగుసుకున్నా, కళ్లు తిరిగినా అక్కడికక్కడే ఆగాలి.

ఇప్పుడు క్యాలెండరు. మనకు దగ్గరి పెద్ద పోటీ హైదరాబాద్ మారథాన్, ఆగస్టు చివర్లో జరుగుతుంది. దానికి పెద్ద పెద్ద పరుగులు చేయాల్సినవి మే, జూన్, జులై. రామగుండం, ఆదిలాబాద్ వైపు ఎండ 45 డిగ్రీలను తాకే నెలలు వాటిలోనే ఉన్నాయి. శరీరం వేడికి అలవాటుపడడానికి పది, పద్నాలుగు రోజులు పడుతుంది. ఆ తర్వాత కూడా మేలో తెల్లవారుజామున మూడు గంటలు పరుగెత్తడం అనుభవం ఉన్నవాళ్ల పని. కొత్తవాళ్లకు నా సలహా ఇది. తొలకరి పడ్డాక మొదలుపెట్టండి, చలికాలానికి ఐదు నుంచి పది కిలోమీటర్లకు చేరండి. ఎండాకాలం దూరాలు కుదించుకొని అలవాటు మాత్రం నిలుపుకోండి. మరుసటి చలికాలంలో హాఫ్ మారథాన్, అంటే 21.1 కిలోమీటర్లు. ఫుల్ మారథాన్‌కు జనవరిలో జరిగే ముంబయి లాంటిది మన వాతావరణానికి సరిపోతుంది. పెద్ద పరుగులు నవంబరు, డిసెంబరుల్లో పడతాయి. తిర్యాణి, సిర్పూర్ వైపు వణికించే చలి రన్నర్లకు వరమే, మొదటి పది నిమిషాలు నడిచి ఒళ్లు వేడి చేసుకుంటే చాలు.

ముప్పై కిలోమీటర్ల దాపులో చాలామందికి కాళ్లు ఒక్కసారిగా మొరాయిస్తాయి. కండరాల్లో, కాలేయంలో దాచుకున్న పిండిపదార్థం గాదెలో గింజల్లా అడుగంటుతుంది కాబట్టి. కొవ్వు ఎంత ఉన్నా దాన్ని అంత వేగంగా ఇంధనంగా మార్చడం కష్టం. గంటన్నర దాటే ప్రతి పరుగులోనూ దారిలో ఏదో ఒకటి తినడం అలవాటు చేసుకోవాలి. ఖరీదైన జెల్ పొట్లాలే అక్కరలేదు. అరటిపండు, ఖర్జూరం, బెల్లం ముక్క పనిచేస్తాయి. ఉట్నూరులో ఆదివాసీ మహిళలు కట్టే ఇప్పపువ్వు లడ్డూ పరుగు తర్వాత తినడానికి బాగుంటుంది. అందులో పల్లీ, నువ్వులు ఉంటాయి కనుక పరుగు మధ్యలో కొందరికి బరువనిపించవచ్చు. జొన్న గట్క, జొన్నరొట్టె ముందురోజు మధ్యాహ్నానికి మంచివి. పరుగుకు ముందు రాత్రి మాత్రం పీచు తక్కువున్న తెల్లన్నమే కడుపుకు సుఖం. 

నీళ్ల విషయంలో మనవాళ్లు రెండు కొసల్లో ఉంటారు, అసలు తాగనివాళ్లు, సీసాలు ఖాళీ చేసేవాళ్లు. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం ఉండాల్సిన దానికన్నా తగ్గి కనిపించింది. పరుగులో బరువు తగ్గాల్సింది పోయి పెరిగినవాళ్లకే, అంటే అతిగా తాగినవాళ్లకే, ఆ ముప్పు ఎక్కువ. దాహమైనప్పుడు తాగాలి, దూరం పెరిగినకొద్దీ నీళ్లతో పాటు ఉప్పు అందాలి. పరుగయ్యాక ఉప్పేసిన మజ్జిగ, అంబలి మనకు ఎప్పటినుంచో ఉన్నవే. దారిలో ఓఆర్ఎస్ తాగితే, ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలోనే కలుపుకోవాలి. చిక్కగా కలిపితే ముప్పై ఒకటో కిలోమీటరు దగ్గర కడుపు తిప్పుతుంది.